రెండో తాళంచెవి

మా ఇంట్లోకి కుక్క మొదటిసారి వచ్చింది బుడమేరు వరదప్పుడు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు అజిత్‌సింగ్‌నగర్ మునిగింది. మా ఆఫీసులో నాతో పనిచేసే ఆవిడ ఆ వీధుల్లోనే కింది వాటాలో ఉండేది. రెండు రాత్రులు పైవాటా వాళ్ల డాబా మీద గడిపి, మూడో రోజున పడవ ఎక్కి, ఒక భుజానికి కాగితాలూ సర్టిఫికెట్లూ ఉన్న సంచీ, మరో భుజానికి కూరగాయల సంచీ తగిలించుకుని సత్యనారాయణపురంలోని మా ఫ్లాటుకు చేరింది. కూరగాయల సంచీలోంచి బురద పట్టిన రెండు చెవులు పైకి కనిపిస్తున్నాయి. పడవలో మనుషులకే చోటు చాలడం లేదని ఎవరో గొణిగితే, "ఇది నా ఒళ్లో కూర్చుంటుంది, దీనికి వేరే చోటక్కర్లేదు" అని చెప్పి ఎక్కానంది. మా వీధి దాకా నీళ్లు రాలేదు. ఇల్లు కడిగించుకుని వెళ్లేదాకా, పదకొండు రోజులు, ఆవిడా ఆ కుక్కా నా దగ్గరే ఉన్నారు.

ఆ కుక్కకూ నాకూ పెద్దగా చనువేమీ కలగలేదు. అది ఆవిడ మంచం కిందే పడుకునేది, ఆవిడ పెడితేనే తినేది. అయితే సాయంత్రం నేను మెట్లెక్కి వచ్చి, సంచీలోంచి తాళంచెవి తీయకముందే, తలుపు అవతల గచ్చు మీద గోళ్ల చప్పుడు వినిపించేది. వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు సాయంత్రం ఆ చప్పుడు కోసం గుమ్మం ముందు కాసేపు నిలబడిపోయి, ఎవరైనా చూశారేమోనని ఇటూ అటూ చూసి, తాళం తీసుకుని లోపలికి వెళ్లాను. కుక్కను పెంచుకోవాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. అమలులోకి రావడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

నా వయసు అప్పటికి నలభై ఏడు. గవర్నరుపేటలో ఒక జీవిత బీమా కార్యాలయంలో ఉద్యోగం. తొమ్మిదేళ్ల క్రితం బదిలీ మీద బెజవాడ వచ్చినప్పటి నుంచి ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇల్లు తీసుకున్నప్పుడు ఓనరుగారు రెండు తాళంచెవులు ఇచ్చారు. ఒకటి నా సంచీలో తిరుగుతుంది, రెండోది బొత్తాల డబ్బాలో దారపు ఉండల మధ్య పడి ఉంటుంది. ఒకసారి తాళంచెవి ఆఫీసు సొరుగులో మరిచిపోయి వచ్చి, రెండోది లోపలే ఉండిపోవడంతో, రాత్రి ఎనిమిదింటికి మళ్లీ ఆటో ఎక్కి వెళ్లి వాచ్‌మన్ చేత ఆఫీసు తీయించుకుని తెచ్చుకోవలసివచ్చింది. అంత జరిగినా దాన్ని ఎదురింటి వాళ్ల దగ్గర ఉంచుదామన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా ఇచ్చేదాన్ని కాదు. ఎవరికీ ఏమీ పడి ఉండకుండా బతుకుతున్నానన్నది నాకొక గర్వంగా ఉండేది.

కుక్క విషయంలోనూ అదే ధోరణిలో బయల్దేరాను. పగ్ అయితే చిన్నది, ఫ్లాటులో ఇమిడిపోతుంది, పెద్దగా మొరగదు అని విని, ముందు పగ్ పిల్ల కోసమే వెతికాను. ఒక దుకాణంలో అరచేతిలో పట్టేంత పిల్లను చూపించి "రెండు నెలలు దాటాయండీ" అన్నారు. నోరు తెరిచి చూస్తే పళ్లు సగం కూడా రాలేదు. నేల మీద దించితే వెనక కాళ్లు నిలవడం లేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, విక్రయాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నియమాల్లోనే ఉంది. తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లలతో కలబడుతూ ఆ వారాలు గడిపితేనే ఎంత గట్టిగా కొరికితే అవతలి ప్రాణికి నొప్పి పుడుతుందో పిల్లకు తెలిసివస్తుంది. ఆ దుకాణంలో తల్లిని చూపించలేదు, బిల్లు ఇచ్చేది లేదన్నారు, టీకాల కార్డు మీద సంతకం ఉంది గానీ డాక్టరు ముద్ర లేదు. ఇరవై ఏళ్లుగా పాలసీ కాగితాలు చూసిన కళ్లకు ఆ కార్డు ఒక్కటే చాలు, తిరిగి వచ్చేశాను.

ఆ తరువాత ఎవరో చెబితే, సెలవు పెట్టి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాను. చీటీ రాసే అబ్బాయి "జంతువేదండీ?" అని అడిగితే, "ఇంకా లేదండీ" అని చెప్పి, పక్కన గేదె దూడతో నిలబడ్డ రైతు నవ్వుతుండగా లోపలికి నడిచాను. డాక్టరుగారు చిన్నావిడ, నా కంటే ఇరవై ఏళ్లు చిన్నదై ఉంటుంది. కుక్క ఏ జాతిదైతే బాగుంటుందని నేను అడిగితే, ఆవిడ జాతి మాట ఎత్తకుండా, "ఇంట్లో ఎవరెవరు ఉంటారు? రోజుకు ఎన్ని గంటలు తాళం వేసి ఉంటుంది?" అని అడిగింది. దారితో కలిపి తొమ్మిది గంటలన్నాను.

రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. రోజుకు నాలుగు పూటలు తిండి పెట్టాలి. ఆరో వారం మొదలు నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి టీకాలు వేయించాలి. ఆలోగా పార్వో అనే వైరస్ జబ్బు తగిలితే సెలైను ఎక్కుతున్నంతసేపూ పక్కన కూర్చునే మనిషి కావాలి. వీటన్నిటికీ తొమ్మిది గంటలు తాళం పడే ఇల్లు పనికిరాదని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది. పగ్ గురించి ఇంకో మాట అంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి ఒగర్చడమే దానికి ఒళ్లు చల్లబరుచుకునే మార్గం. చప్పిడి ముక్కు కుక్కలకు ఆ గాలి దారే ఇరుకు. బెజవాడ మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఎవరూ లేని ఇంట్లో దాని సంగతేమిటి? "మేడమ్, మీరు రెండు మూడేళ్లు దాటిన పెద్దకుక్కను తీసుకోండి. ముక్కు ఉన్నదాన్ని తీసుకోండి" అంది. కుక్కపిల్ల తప్ప వేరే కుక్కను తెచ్చుకోవచ్చునన్న సంగతి అప్పటిదాకా నా తలలోకే రాలేదు.

పటమటలో ఒక కుటుంబం కెనడా వెళ్లిపోతోందనీ, మూడేళ్ల ఆడకుక్కకు ఇల్లు చూస్తున్నారనీ జనవరిలో తెలిసింది. పేరు స్నోయీ, జాతి పామేరియన్ అన్నారు. మన వైపు తెల్లగా, బొచ్చుగా, తోక వీపు మీదికి చుట్టుకుని ఉన్న ప్రతిదీ పామేరియనే గానీ, అసలైన పామేరియన్ మూడు మూడున్నర కిలోలు మించదు. ఇది ఏడు కిలోలు. వీటిని ఇండియన్ స్పిట్జ్ అంటారు. మా చిన్నప్పుడు ఊళ్లో మేడ ఉన్న ప్రతివాళ్ల గేటు వెనకా ఇలాంటిదొకటి మొరుగుతుండేది. టీకాల కార్డు, పిల్లలు పుట్టకుండా చేయించిన ఆపరేషన్ కాగితం, ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, పిల్లలను కరుస్తుందా, ఉరుముకు భయపడుతుందా: ఒక ప్రశ్నావళి రాసుకుని వెళ్లి అన్నీ అడిగాను. అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ ఇంట్లో ఎనభై ఏళ్ల మామ్మగారు ఎప్పుడూ హాల్లో పడక్కుర్చీలో ఉండేవారు. అంటే పుట్టి బుద్ధెరిగాక మూడేళ్లలో ఆ కుక్క ఒక్క గంటైనా ఒంటరిగా ఇంట్లో ఉండలేదు.

ఆదివారం తెచ్చాను. మొదటి మూడు రోజులు బీరువాకూ గోడకూ మధ్య సందులో దూరి, రాత్రి నేను దీపం ఆర్పాక వచ్చి నీళ్లు తాగి మళ్లీ వెళ్లిపోయేది. కుక్కలను చేరదీసి ఇళ్లు చూసిపెట్టే వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు: బెరుకు తగ్గడానికి మూడు రోజులు, రోజు గడిచే తీరు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లని కుదుటపడడానికి మూడు నెలలు. మొదటి లెక్క సరిగ్గానే నడిచింది. నాలుగో రోజు వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఐదో రోజు పాల ప్యాకెట్టు కోసం తలుపు వేసి కిందికి వెళ్లాను. ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. తిరిగి వస్తుంటే వీధి మలుపు దగ్గరే వినిపించింది. అది మొరుగుడు కాదు, మెడ పైకెత్తి తీసే రాగం. తలుపు లోపలి వైపు అడుగున రంగు గీసుకుపోయి, చెక్కపేళ్లు లేచి ఉన్నాయి. దాని ముందరి కాలి గోరొకటి చిట్లి రక్తం కారుతోంది.

గన్నవరం డాక్టరుగారికి ఫోను చేస్తే, మీరు వెళ్లడం మాట తరువాత, వెళ్తారని దానికి తెలిసేది దేనివల్లో ముందు చూడండి అంది. చూస్తే, తాళంచెవుల గుత్తి. బల్ల మీది నుంచి దాన్ని ఎత్తిన మరుక్షణం కుక్క చెవులు వెనక్కు వాలిపోయేవి, తోక దిగిపోయేది, నోట్లోంచి సన్నగా ఈల లాంటి మూలుగు మొదలయ్యేది. మిగిలిన ఆర్జిత సెలవులో ఆరు రోజులు నేను చేసిన పని ఏమిటంటే, గుత్తి తీసి గలగలమనిపించి, మళ్లీ బల్ల మీద పెట్టి, కూర్చుని పేపరు చదువుకోవడం. చెప్పులు వేసుకుని వంటింట్లో కూర తరగడం. ఆఫీసు సంచీ భుజానికి తగిలించుకుని, గుత్తి చేత్తో పట్టుకుని, టీవీ ముందు కూర్చోవడం. ఇలా రోజుకు ఇరవై ముప్పై సార్లు. గుత్తి చప్పుడుకు కుక్క తలెత్తడం మానేశాక, తలుపు తీసి అవతల నిలబడి పది లెక్కపెట్టి లోపలికి రావడం; తరువాత ఒక నిమిషం, మూడు నిమిషాలు, పది నిమిషాలు. అరుస్తుండగా లోపలికి రాకూడదు, వచ్చాక పలకరించి హడావుడి చేయకూడదు. మెట్ల మీద గడియారం చూసుకుంటూ కూర్చున్న నన్ను చూసి పనమ్మాయి, "ఏంటమ్మా, బయట కూర్చున్నారు? తలుపు పడిపోయిందా?" అని అడిగింది. కుక్కకు అలవాటు చేస్తున్నానంటే నా మొహం వంక జాలిగా చూసింది.

ఆరు రోజుల్లో నలభై నిమిషాల దాకా వచ్చాం. ఆఫీసు తొమ్మిది గంటలు. సెలవు అయిపోయింది. నేను ఆఫీసుకు వెళ్లిన రెండో రోజునే అపార్టుమెంటు సంఘం సెక్రటరీగారి నుంచి కాగితం వచ్చింది: కుక్క వల్ల ఇబ్బందిగా ఉన్నది, తగు ఏర్పాటు చేసుకోవలెను, దానిని లిఫ్టులో తీసుకురారాదు.

కాగితానికి కాగితంతోనే జవాబు చెప్పడం నా వృత్తి. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు వెతికి ప్రింటు తీశాను. నివాసుల్లో ఎక్కువమంది కలిసి తీర్మానం చేసినా సరే, కుక్కను పెంచుకోవద్దని సంఘం నిషేధించడానికి వీల్లేదు. లిఫ్టు వాడొద్దనడానికీ, కుక్క ఉన్నందుకు అదనంగా డబ్బు వసూలు చేయడానికీ దానికి అధికారం లేదు. ఆ వాక్యాల కింద గీతలు గీసుకుని సెక్రటరీగారి తలుపు తట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం ఓపిగ్గా చదివి, నేను గీత గీయని చోట వేలు పెట్టి చూపించారు. పెంచుకునేవాళ్లు తమ కుక్క ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకుండా చూసుకోవాలని కూడా ఆ కాగితంలోనే ఉంది. "లిఫ్టు మాట వదిలెయ్యమ్మా, అది నేను ఊరికే రాశాను. మీ పై వాటాలో ఉన్న కుర్రాడు రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న వచ్చి పడుకుంటాడు. పది నుంచి ఐదు దాకా ఇదేడుస్తుంటే వాడెప్పుడు నిద్రపోవాలి?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కోపంగా కిందికి దిగివచ్చాను గానీ, ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

ఆ రాత్రి బొత్తాల డబ్బా మూత తీశాను.

మా ఎదురు ఫ్లాటులో ఉండే పిన్నిగారికీ బాబాయిగారికీ డెబ్భై దాటాయి. తొమ్మిదేళ్లలో మా మధ్య నడిచింది పండగలకు పులిహోర గిన్నె, ఆ గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని నేను వేసి పంపే నాలుగు అరటిపళ్లు. పిన్నిగారికి ఆచారం ఎక్కువ. కార్తీకంలో పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు నుంచి నడవడానికే నేను జంకేదాన్ని. అలాంటి మనిషి దగ్గరకు వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక్కసారి తలుపు తీసి కుక్కను చూడగలరా అని అడగడానికి గొంతు పెగల్లేదు. ఆవిడే అంది: "రెండు రోజులుగా వింటున్నానమ్మా, తల్లి పోయిన పసిపిల్లలా ఏడుస్తోంది. నాకు చెయ్యి ఆడడం లేదు. ఇటివ్వు." తాళంచెవి కొంగున ముడి వేసుకుంటూ, "తలుపు తీస్తాను, మీ బాబాయిగారు గొలుసు పట్టుకుంటారు. నేను మాత్రం దాన్ని ముట్టుకోను" అని షరతు పెట్టింది.

బాబాయిగారు రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజరంటున్నారని చెబితే, "పేరు పెద్దదైంది, బండి అదే" అని నవ్వుతారు. గార్డు ఉండే బ్రేకువ్యానులో కుక్కల పెట్టె ఒకటి ఉంటుందన్న సంగతి నాకు ఆయన చెబితేనే తెలిసింది. ఫస్టు ఏసీలో కూపే మొత్తం తీసుకున్నవాళ్లు కుక్కను తమతో ఉంచుకోవచ్చు. మిగతావాళ్ల కుక్కలు లగేజీ రసీదు మీద ఆ పెట్టెలో ప్రయాణం చేస్తాయి. ముప్పై ఏళ్లలో ఎన్నో కుక్కలను అలా బెజవాడ నుంచి విశాఖపట్నం దాకా తీసుకెళ్లానన్నారు. "పెట్టెలో పెట్టగానే ఏడుస్తాయమ్మా. మనం తలుపు వేసి ఊరుకుంటే స్టేషను స్టేషనుకూ ఏడుస్తూనే ఉంటాయి. పక్కన కూర్చుని లైన్ క్లియర్ అయిందనో, గూడ్సు క్రాసింగనో ఏదో ఒకటి మాట్లాడుతుంటే పడుకుంటాయి. వాటికి మాట అర్థం కానక్కర్లేదు, మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు" అన్నారు. మర్నాటి నుంచి పదింటికి నేను వెళ్లిన కాసేపటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, మూడున్నరకు ఒకసారి మా హాల్లోకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని, దానికి పాత బండ్ల కబుర్లు చెప్పేవారట. రెండు వారాలకు ఏడుపు పది గంటలప్పుడు ఐదు నిమిషాలకు తగ్గింది. నెల దాటాక అదీ పోయింది. పేరు కూడా వాళ్ల దగ్గరే మారింది. స్నోయీ అన్నది పిన్నిగారికి నోరు తిరగక సున్నీ అయింది. తెల్లగా గుండ్రంగా ఉంటుంది గనుక సున్నుండ అనుకుంటే సరిపోతుందని నేనూ అదే పిలవడం మొదలుపెట్టాను. షరతు ఎప్పుడు సడలిందో నాకు తెలియదు. ఒకరోజు ముందుగా ఇంటికి వచ్చేసరికి పిన్నిగారు మా హాల్లో చాప వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, సున్నీ ఆవిడ మోకాలికి ఆనుకుని పడుకుని ఉంది. "స్నానం చేస్తాలే" అంది, నేనేమీ అడగకుండానే.

వేసవిలో ప్రతివాళ్లూ ఇచ్చిన సలహా, దానికి గుండు కొట్టించమని. చెప్పినవాళ్లది ప్రేమే, అయితే వీటికి పైన పొడవు వెంట్రుకలు, లోపల దూది లాంటి మెత్తటి పొర ఉంటాయి. రెండూ కలిసి చలిని ఆపినట్లే ఎండనూ చర్మం దాకా రానివ్వవు. గీయించేస్తే తోలు కాలుతుంది, వెంట్రుక మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చు. ఇనప దువ్వెనతో లోపలి పొరను దువ్వి తీసేస్తే చాలు. దువ్వుతున్నప్పుడే చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. వాటివల్ల వచ్చే జ్వరం కుక్కను వారంలో కూలదోస్తుంది. రోహిణీకార్తెలో నడకను తెల్లవారుజామున ఐదింటికి మార్చుకున్నాం. పగలు రోడ్డు మీద మీ అరచెయ్యి వెనక భాగం ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్క పాదం కూడా నిలవలేదు. మేం నడిచేది బీఆర్‌టీఎస్ రోడ్డు మీద. ఒకప్పుడు అక్కడే రైలు పట్టాలుండేవి. బాబాయిగారు మాతో వచ్చిన రోజుల్లో ఏ బండి ఎక్కడ ఆగేదో చేత్తో చూపిస్తూ, ఆగిన ప్రతిచోటా సున్నీ చేత కూడా పని కానిచ్చేవారు.

జులై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ ఆ టీకాను జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి ఇచ్చాడు. టీకా డబ్బుకు నేను వెనకాడేదాన్ని కాదు గానీ, ఆ వరుసలో నిలబడితే ఊళ్లో ఇన్ని కుక్కలకు ఇన్ని రకాల మనుషులున్నారా అనిపిస్తుంది. పోలీసు కానిస్టేబులు ఒకాయన చిన్న డాష్‌హౌండును ఎత్తుకుని, సూది గుచ్చే సమయానికి తనే కళ్లు మూసుకున్నాడు.

నేను చేసిన రెండో పొరపాటు శ్రావణంలో బయటపడింది. ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం. మధ్యాహ్నం పన్నెండున్నరకు పిన్నిగారు ఫోను చేసి, "సున్నీకి కూడా పరమాన్నం పెట్టానమ్మా, గిన్నె నాకేసింది" అని సంతోషంగా చెప్పింది. జీడిపప్పు, కిస్‌మిస్ దండిగా వేసి ఆవిడ చేసే పరమాన్నం నాకు తెలుసు. ద్రాక్ష పండైనా ఎండుదైనా కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎన్ని తింటే ప్రమాదమన్న లెక్క ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. ఈ సంగతి నేను చదివాను, నా తలలో ఉంది, ఆవిడకు చెప్పలేదు. ఆఫీసులో చెప్పీ చెప్పకుండా పరుగెత్తాను. బాబాయిగారు అప్పటికే దాన్ని తువ్వాలులో చుట్టి ఆటోలో కూర్చుని ఉన్నారు. తిన్న గంటలోపే ఆసుపత్రికి చేర్చాం గనుక డాక్టరు ఇంజెక్షను ఇచ్చి కక్కించారు. ట్రేలో ఏడు కిస్‌మిస్‌లు ఉబ్బి కనిపించాయి. మూడో రోజున రక్తపరీక్షలో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఆ మూడు రోజులూ పిన్నిగారు అన్నం ముట్టలేదు. తప్పు మీది కాదు, నాది అని ఎంత చెప్పినా వినలేదు.

ఆ రాత్రి పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ఇప్పటికీ ఉంది: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, చక్కెర లేదని చెప్పి అమ్మే చూయింగ్ గమ్ములు, పారాసెటమాల్. చింతపండు పేరు తరువాత కలిపాను. ద్రాక్షలో కుక్కకు విషమయ్యేది టార్టారిక్ ఆమ్లమై ఉండవచ్చునని అమెరికాలో పశువైద్యులు 2021లో ఒక ప్రతిపాదన చేశారు. ఆ ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంటుంది. మన చారూ పులిహోరా రెండూ ఆ దెబ్బతో జాబితాకెక్కాయి. పప్పుచారు కలిపిన అన్నం తిని ఊరకుక్కలు బతకడం లేదా అని బాబాయిగారు వాదించారు గానీ, మర్నాటి నుంచి పెరుగన్నమే పెట్టారు, అదీ ఉప్పు లేకుండా.

దీపావళి రాత్రి గురించి ఎక్కువ చెప్పను. మన చెవి ఇరవై వేల హెర్ట్‌జ్‌ల దగ్గర ఆగిపోతే కుక్క చెవి నలభై వేలు దాటి వింటుంది. స్నానాలగదిలో బకెట్టు వెనక దాని పక్కన నేనూ నేల మీద కూర్చుని, కుళాయి ధారగా వదిలి, పదకొండింటి దాకా గడిపాను.

నవంబరులో నాకు జ్వరం వచ్చింది. రెండో రోజుకు లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. తెల్లవారి ఆరింటికి, నేను ఎవరికీ ఫోను చేయకుండానే, తలుపు బయటి నుంచి తెరుచుకుంది. సున్నీ కిందికి రాలేదని గమనించి పిన్నిగారు తాళం తీసుకుని వచ్చింది. బాబాయిగారు దాన్ని తీసుకెళ్లారు, ఆవిడ నా నుదురు చూసి, వంటింట్లోకి వెళ్లి మిరియాల చారు పెట్టింది. మంచం మీద పడుకుని ఆ చప్పుళ్లు వింటుంటే నాకు ఆఫీసు పని గుర్తుకొచ్చింది. రోజుకు పది మందిని "నామినీ పేరు చెప్పండి" అని అడుగుతాను. ఖాళీ వదిలితే దరఖాస్తు వెనక్కి ఇస్తాను. చిన్నజాతి కుక్క పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. సున్నీకి నాలుగు, నాకు నలభై ఎనిమిది. లెక్క ప్రకారం నా రిటైర్మెంటు దగ్గరపడేదాకా అది ఉండవచ్చు. అది ఉండగా నేను లేకపోతే? నా పాలసీలో మా అక్క కొడుకు పేరుంది. కుక్క గడిలో అప్పటిదాకా ఏమీ రాసి లేదు. జ్వరం తగ్గాక ఈ మాట కదిపితే, పిన్నిగారు "మాకే డెబ్భై దాటాయి, మమ్మల్ని రాస్తావేంటే" అని కసిరింది. నిజమే, ఆ వయసు నామినీని నేనైనా ఒప్పుకోను.

ఈ సంక్రాంతి వెళ్లాక వాళ్లిద్దరూ బెంగళూరులో కొడుకు దగ్గరకు నెల్లాళ్లకు బయల్దేరారు. తాళంచెవి తిరిగివ్వబోతే నేను పుచ్చుకోలేదు. బీసెంటు రోడ్డులో ఒకాయన దగ్గర మూడోది చేయించాను. పై వాటా కుర్రాడు, సెక్రటరీగారు చెప్పిన రాత్రి డ్యూటీ అబ్బాయి, పగలు ఇంట్లోనే ఉంటాడు. ఏడాది క్రితం ఎవరి నిద్ర చెడగొట్టానో అతణ్ణే వెళ్లి అడగాలి. అడిగితే, "ఒంటిగంటకు ఎలాగూ లేస్తానాంటీ, తినడానికి" అన్నాడు. ముందు తాళం పడుతుందో లేదో చూద్దామని నేను లోపల ఉండి, అతణ్ణి బయటి నుంచి తీయమన్నాను. కొత్త చెవి గదా, గరుకుగా ఉంది. మొదటిసారి సగం తిరిగి ఆగింది. బయటికి తీసి, లాల్చీకి తుడిచి కాబోలు, మళ్లీ పెట్టాడు. సున్నీ తలుపుకు రెండడుగుల దూరంలో కూర్చుని, తల ఓ పక్కకు వాల్చి, తాళం వంకే చూస్తోంది. దాని వెనక నేను నిలబడి ఉన్నాను. మూడోసారికి తిరిగింది.